వేయి గజాలు, నూరు పరుగులు



యతిస్థానాలను గురించి వ్రాస్తానని కిందటిసారి మాట ఇచ్చాను. ఆ మాట మరచిపోలేదు. అయితే ఈ మధ్య మా ఇంట్లో వచ్చిన ఒక తగవు నన్ను ఆటలవైపు లాక్కొనిపోయింది. ఛందస్సు కోసం వచ్చినవారు నిరాశపడవద్దు, దారిలో అదీ తగులుతుంది.

తగవు మా అబ్బాయికీ, వాడి కొడుక్కీ మధ్య. వాళ్ళు అమెరికాలో డాలస్ దగ్గర ఉంటారు. ఆదివారం ఉదయం ఫోనులో మాట్లాడుకోవడం మా అలవాటు. పన్నెండేళ్ళ మనుమడు వస్తూనే, "తాతా, మావాడు వేయి గజాలు దాటాడు" అన్నాడు. వేయి గజాలంటే మా కోహీరులో ఎవరికైనా ముందు స్ఫురించేది ప్లాటు. ఎనిమిది గుంటల పైచిలుకు. జహీరాబాదు చుట్టుపక్కల భూముల ధరలు ఎట్లా ఉన్నాయో తెలిసినవాణ్ణి కాబట్టి, "ఎవరు కొన్నారురా, ఎక్కడ?" అని ఆత్రంగా అడిగాను. అవతల తండ్రీకొడుకులిద్దరూ ఒక నిమిషం పాటు నవ్వారు. ఆ తరువాత తగవు మళ్ళీ మొదలుపెట్టారు.

సంగతి ఏమిటంటే, అక్కడి ఫుట్‌బాల్ మనం ఎరిగిన ఫుట్‌బాల్ కాదు. కాలితో తన్నడం తక్కువ, కోలగా ఉండే బంతిని చంకన అదుముకొని ఎదురువచ్చే మల్లులను తప్పించుకొంటూ పరుగెత్తడం ఎక్కువ. చూస్తూంటే నాకు చెడుగుడులో కూతకు పోయి గీత అందుకోబోయే ఆటగాడు గుర్తుకు వస్తాడు. అట్లా బంతితో పరుగెత్తి ఎంత ముందుకు పోయాడన్నది గజాలలో లెక్కిస్తారు. ఒక సీజనులో వేయి గజాలు దాటినవాడు మేటి అని అక్కడ ఏనాటినుండో ఒక ఆనవాయితీ. మనుమడి అభిమాన ఆటగాడు దాటాడు. "అది పాతకాలపు లెక్క, ఇప్పుడు దానికి విలువ లేదు" అన్నాడు తండ్రి. పిల్లవాడికి కోపం వచ్చింది. "నువ్వు పంతులువి కదా, చెప్పు తాతా" అని నన్ను మధ్యవర్తిని చేశాడు.

నేను తెలుగు పంతుల్ని. అయినా భాగహారం చేతనౌను. మా అబ్బాయి చెప్పిన వివరాలు కాగితం మీద పెట్టి చూశాను. 1977 వరకు అక్కడ సీజనుకు 14 మ్యాచులు. 1978 నుండి 16. 2021 నుండి 17. వేయి గజాలకు 14 మ్యాచులలో అయితే మ్యాచుకు 71 గజాలు పైన పరుగెత్తాలి. 16 అయితే 62న్నర. 17కు వచ్చేసరికి 59కి లోపే. అంటే గీత ఉన్నచోటనే ఉన్నది, దానికింద నేల పైకి లేచింది. ఆ మేరకు మా అబ్బాయి మాట నిజమే.

అక్కడితో తీర్పు చెప్పి లేచిపోవచ్చు. కానీ మనుమడు ఇంకొక ముచ్చట చెప్పాడు. 2024 సీజనులో ఫిలడెల్ఫియా జట్టుకు ఆడే సేక్వాన్ బార్క్‌లీ 16 మ్యాచులలో 2,005 గజాలు పరుగెత్తాడట. ఎరిక్ డికర్సన్ అనే ఆయన 1984లో నెలకొల్పిన 2,105 గజాల రికార్డును దాటడానికి ఇంకా 101 గజాలు కావాలి, ఇంకొక మ్యాచు మిగిలి ఉన్నది. ఆ మ్యాచులో జట్టు అతనికి విశ్రాంతి ఇచ్చింది. ముందున్న పెద్ద పోటీలకు కాలూ చెయ్యీ జాగ్రత్తగా ఉండాలని. 2025 ఫిబ్రవరిలో ఆ జట్టు కప్పు గెలిచింది. డికర్సన్ రికార్డు పదహారు మ్యాచులలోనే వచ్చింది కాబట్టి, పదిహేడవ మ్యాచులో దాన్ని దాటినా జనం గుసగుసలాడేవారే. "అయినా ఆడనిచ్చి ఉండవలసింది తాతా" అన్నాడు పిల్లవాడు. వాడి గొంతులో ఉన్న బాధ మాత్రం భాగహారానికి అందలేదు.

ఆ ఆటను గురించి నాకు తెలిసింది అంతే. ఇంతకంటె ఎక్కువ మాట్లాడితే తెలియని పద్యానికి వ్యాఖ్యానం చెప్పినట్లవుతుంది. కానీ ఈ తగవు మన ఇంటిదే. పేరు మారింది, అంతే. వాళ్ళకు వేయి గజాలు, మనకు నూరు పరుగులు.

మన పత్రికలవాళ్ళు సెంచరీని 'శతకం' అని ఎప్పుడు అలవాటు చేశారో గానీ, మంచి పని చేశారు. శతకమంటే నూరు. అయితే మన శతకకవులలో సరిగ్గా నూరు దగ్గర కలం దించినవారు ఎందరు? నూటెనిమిది దాకా సాగడం మనకు పరిపాటి. నూరన్నది ఒక మకాం. అక్కడ ఆగి మంచినీళ్ళు త్రాగి ముందుకు పోవడానికే తప్ప, తొంభైతొమ్మిదవ పద్యం నూరవ పద్యంకంటె తక్కువదని చెప్పడానికి కాదు.

తొంభైతొమ్మిది అన్నాను కాబట్టి మన అజహరుద్దీన్ గుర్తుకు రాకుండా ఉండడు. 1984 డిసెంబరు ఆఖరి రోజున కలకత్తాలో మొదలైన టెస్టుతో అతను వచ్చాడు. మొదటి మూడు టెస్టులలో మూడు శతకాలు. ఆ ఘనతలో అతనికి ఇప్పటికీ జోడీ లేదు. నేను అప్పుడు ఉద్యోగంలో కొత్త. కోహీరు చలికి శాలువా కప్పుకొని, ట్రాన్సిస్టరును చెవికి ఆనించుకొని విన్నాను. హైదరాబాదు పిల్లవాడు, ఇక్కడికి వంద కిలోమీటర్ల దూరం వాడు, ఆ మణికట్టు ఎట్లా తిరుగుతుందో చూడకుండానే, అంకెలు విని మురిసిపోయాం. 110, 105, 122. నలభై ఏళ్ళు గడిచినా వెదుక్కోకుండానే చెప్పగలుగుతున్నాను. కంటికి చూపించే సాధనం లేనప్పుడు ఆటను మా ఊరిదాకా మోసుకొచ్చింది ఆ అంకెలే.

అదే అజహరుద్దీన్ అత్యధిక స్కోరు 199. ఆడిన టెస్టులు 99. ద్విశతకానికి ఒక పరుగు, నూరు టెస్టులకు ఒక టెస్టు తక్కువ. 2000లో ఆడిన చివరి టెస్టులో కూడా శతకం చేశాడు. ఆ ఏడాదే వచ్చిన నిషేధంతో అతని ఆట అక్కడ ఆగింది. 2012లో హైకోర్టు ఆ నిషేధం చెల్లదన్నది. అప్పటికి ఆడే వయసు దాటిపోయింది. ఆ వివాదం జోలికి నేను పోను. ఆటవరకే అడుగుతాను. 199 కొట్టినవాడి బ్యాటింగుకూ, 200 కొట్టినవాడి బ్యాటింగుకూ మధ్య ఏమి తేడా ఉన్నది? ఒక పరుగు. పట్టికలలో మాత్రం ఇద్దరూ వేర్వేరు పంక్తులలో కూర్చుంటారు.

లక్ష్మణ్ సంగతి ఇంతకన్నా విచిత్రం. 134 టెస్టులు, 8,781 పరుగులు, సగటు 45.97. శతకాలు 17. టెస్టు బ్యాటరు గొప్పవాడనిపించుకోవాలంటే సగటు 50 ఉండాలని ఒక పాత గీత ఉన్నది కదా, ఆ గీతకు లక్ష్మణ్ నాలుగు పరుగులు తక్కువ. అజహరుద్దీన్ సగటు 45.03. అంటే ఆ గీత ప్రకారం మన హైదరాబాదు మణికట్లు రెండూ గుమ్మం బయటనే నిలబడాలి! పదివేల పరుగుల గీత కూడా లక్ష్మణ్‌కు అందలేదు. 1987లో గావస్కర్ మొదటిసారి ఆ గీతను దాటినప్పుడు అది హిమాలయ శిఖరం. ఇప్పటికి పదిహేనుమంది ఎక్కారు. టెస్టులు ఎక్కువయ్యాయి, ఎక్కేదారి కాస్త నునుపెక్కింది. 9,230 పరుగుల దగ్గర, 2025 మే నెలలో, విరాట్ కోహ్లీ ఆ గీతను చూచి కూడా టెస్టులకు సెలవు చెప్పేశాడు.

కోల్‌కతాలో 2001 మార్చిలో లక్ష్మణ్ చేసిన 281ని గురించి అందరూ వ్రాశారు, నేను వ్రాయను. నాకు అంతకంటె ఇష్టమైనవి 2010 నాటి రెండు ఇన్నింగ్సులు. అక్టోబరులో మొహాలీ. ఆస్ట్రేలియా పెట్టిన లక్ష్యం 216. 124కు ఎనిమిది వికెట్లు పోయాయి. నడుము నొప్పితో వంగలేక, పరుగుకు మనిషిని పెట్టుకొని, చివరి వాళ్ళను వెంటబెట్టుకొని లక్ష్మణ్ 73 నాటౌట్. ఒక్క వికెట్టు తేడాతో గెలిచాం. డిసెంబరులో దర్బన్. బంతి నిలువెత్తున లేస్తున్న ఆ పిచ్చు మీద రెండవ ఇన్నింగ్సులో జట్టు మొత్తం చేసింది 228, అందులో లక్ష్మణ్‌వి 96. 87 పరుగుల తేడాతో గెలిచాం. ఈ రెండూ శతకాల పట్టికలో లేవు. డెబ్బైమూడూ, తొంభైయారూ అర్ధశతకాల గుంపులో, ఎక్కడో ఎండిన పిచ్చు మీద డ్రా అయిన మ్యాచులో కొట్టిన యాభైరెండు పక్కన తలవంచుకొని కూర్చున్నాయి. పట్టిక తయారుచేసినవాడి తప్పు కాదు. పట్టికకు గడి ఒకటే ఉన్నది.

ఇక్కడ ఛందస్సు. ఉత్పలమాలకు పదవ అక్షరం యతిస్థానం. చంపకమాలకు పదకొండవది. శార్దూలానికి పదమూడు, మత్తేభానికి పద్నాలుగు. పరీక్షలలో ప్రతి ఏడూ ఒకరిద్దరు విద్యార్థులు శార్దూలపద్యంలో పదవ అక్షరం దగ్గర గీత గీసి, 'ఇక్కడ యతి తప్పినది' అని ధీమాగా వ్రాసేవారు. కవికి తప్పు పట్టినందుకు నేను వారిని ఏమీ అనలేదు గానీ, ఒక మాట చెప్పేవాణ్ణి: ముందు ఏ వృత్తమో గుర్తుపట్టండి, తరువాత అక్షరాలు లెక్కపెట్టండి. గణాలు చూడకుండా యతి చూడకూడదు.

ఆటలలో మనం చేస్తున్న పొరపాటు సరిగ్గా ఇదే. వృత్తం చూడకుండా అంకె చూస్తున్నాము. 2009 ఐపీఎల్ ఫైనలులో జొహానెస్‌బర్గులో మన డెక్కన్ ఛార్జర్స్ చేసింది 143 పరుగులు. ఆ 143తోనే, ఆరు పరుగుల తేడాతో, కప్పు ఎత్తారు. పదిహేనేళ్ళ తరువాత, 2024 మార్చిలో ఉప్పల్ మైదానంలో సన్‌రైజర్స్ మూడు వికెట్లకు 277 చేస్తే, ముంబయివాళ్ళు 246 చేసి ఓడిపోయారు. ఒకచోట 143 గెలుపు, ఒకచోట 246 ఓటమి. మూడువారాలైనా తిరగకముందే సన్‌రైజర్స్ బెంగళూరులో 287 కొట్టారు. ఆ ఏడాది మా వీధి పిల్లలు రెండువందలను స్కోరుగా లెక్కచేయడం మానేశారు. చివరకు చెన్నైలో ఫైనలు. అదే జట్టు, అదే బ్యాటర్లు. 113కు అందరూ ఔట్. కొత్త గీతలు గీసుకొని పొంగిపోయినవాళ్ళకు కూడా పాత పిచ్చులు అప్పుడప్పుడు ఎదురవుతాయి.

అందుకని, 'పాత కొలతలు పారవేయండి, కొత్త కొలతలు వచ్చాయి' అనేవారి మాట కూడా నాకు పూర్తిగా రుచించదు. ఇప్పుడు ఇరవై ఓవర్ల ఆటలో స్ట్రైక్ రేటే దేవుడు. నూరు బంతులకు ఎన్ని పరుగులన్నది ఆ లెక్క. 2025 ఏప్రిల్‌లో లక్నోలో మన తిలక్ వర్మ 23 బంతులకు 25 పరుగులు మాత్రమే చేశాడని, ఆట మధ్యలో ముంబయి జట్టు అతన్ని వెనక్కు పిలిచి వేరొకరిని పంపింది. ఔట్ కాకుండానే ఔట్. జట్టు ఆ మ్యాచు ఎట్లాగూ ఓడింది. అదే ఏడాది సెప్టెంబరు 28న దుబాయిలో ఆసియా కప్పు ఫైనలు. పాకిస్తాన్ మీద 147 కొట్టాలి. 20 పరుగులకే మూడు వికెట్లు. తిలక్ నిలబడి 53 బంతులకు 69 నాటౌట్ చేశాడు, రెండు బంతులు మిగిలి ఉండగా గెలిచాం. స్ట్రైక్ రేట్ 130. ఆధునిక పండితుల లెక్కలో అది నత్తనడక. కానీ ఆ రాత్రి కావలసిన పద్యం ఆ నడకలోనే ఉన్నది. శతకానికి పూజచేసిన పాతవారూ, స్ట్రైక్ రేటుకు పూజచేస్తున్న కొత్తవారూ నా కంటికి ఒకే బడి పిల్లలు. దేవుడు మారాడు, అభిషేకం మారలేదు.

ఇక మిథాలీ రాజ్ సంగతి. సికింద్రాబాదులో ఆట నేర్చుకొన్న ఆమె 1999 నుండి 2022 దాకా దేశానికి ఆడింది. వన్డేలలో 232 మ్యాచులు, 7,805 పరుగులు, సగటు 50.68. సరే, ఆ గీత దాటింది. టెస్టులలోనో? ఇరవైరెండేళ్ళకు మించిన జీవితంలో ఆమెకు దక్కిన టెస్టులు పన్నెండు. 2002లో టాంటన్‌లో 214 కొట్టిన మనిషికి పన్నెండే! ఆమెకు పదివేల పరుగుల గీత చూపించి ఎందుకు దాటలేదని అడగగలమా? ఏ అంకెనైనా చెప్పేటప్పుడు 'ఎన్నింటిలో' అని తప్పక అడగాలని నేను పట్టుబట్టడానికి ఇంతకంటె వేరే కారణం అవసరం లేదు.

ఇంతవరకు చదివి, 'పంతులుగారు అంకెలకు వ్యతిరేకం' అని అనుకోవద్దు. నేను వ్యతిరేకిని కాను. ఆ సంగతి మా అబ్బాయితో వాదిస్తూనే నాకు స్పష్టమయింది. "ఈ కాలంలో ఆటగాణ్ణి చూస్తే తెలిసిపోతుంది నాన్నా, వేయి గజాలు ఎందుకు?" అన్నాడు వాడు. చూస్తే తెలుస్తుంది. నిజమే. చూచేదెవరు? ఎవరిని? నగరంలో పెద్ద మైదానాల పక్కన పెరిగిన పిల్లవాణ్ణి చూచేవారు ఉంటారు. వాడికి కోచి ఉంటాడు, కోచికి మిత్రులుంటారు, మిత్రులకు కన్నులుంటాయి. అవేవీ లేనివాడికి అంకె ఒక్కటే సిఫారసు. మొహమ్మద్ సిరాజ్ ఆటో నడిపే తండ్రి కొడుకు. 2016-17 రంజీ సీజనులో హైదరాబాదుకు 41 వికెట్లు తీశాడు. ఆ నలభైయొకటి ఎవరి దయాదాక్షిణ్యమూ కాదు. కాగితం మీద నల్లగా కనిపిస్తుంటే కాదనడం ఎవరివల్లా కాలేదు. ఆ పిల్లవాడే 2025 ఆగస్టు 4న ఓవల్ మైదానంలో చివరి వికెట్టు పడగొట్టి ఆరు పరుగుల తేడాతో గెలిపించాడు. లక్ష్మణ్ కూడా, భారత జట్టులో స్థానం ఇంకా కుదురుకోని రోజులలో, 1999-2000 రంజీలో ఒకే సీజనులో 1,415 పరుగులు గుమ్మరించాడు. పాతికేళ్ళయినా ఆ రికార్డు చెరగలేదు. రంజీలో సీజనుకు వేయి పరుగులు మనకు వేయి గజాల వంటివే. వేయి దాటి మరి నాలుగువందలు చేసినవాణ్ణి ఎంతకాలం పక్కన పెడతారు?

కాబట్టి నా మనుమడికి నేను చెప్పిన తీర్పు ఇది: వేయి గజాలు ఉండనివ్వండి. అది దాటినవాడికి తలుపు తీయండి. దాటలేదని ఎవరి మొహం మీదా తలుపు వేయకండి. తలుపు తీయడానికీ వేయడానికీ ఒకే గడియను వాడుతున్నారు, చిక్కంతా అక్కడ ఉన్నది. "ఇది తీర్పు కాదు తాతా, ఇద్దరికీ మార్కులు వేశావు" అన్నాడు వాడు. ఉపాధ్యాయుల ఇంట్లో పుట్టిన పిల్లవాడు మరి.

వాడికి చెప్పని సంగతి ఒకటి ఉన్నది. ఈ టపా నిజానికి దానికోసమే.

1998 డిసెంబరు. అప్పుడు మాది మెదక్ జిల్లా. నేను పనిచేస్తున్న పాఠశాలకూ పొరుగు మండలంలోని పాఠశాలకూ మధ్య పాతిక ఓవర్ల మ్యాచు. మా పీఈటీ సారు అంపైరుగా నిలబడవలసి రావడంతో స్కోరు పుస్తకం నా ఒడిలో పెట్టారు. తెలుగు పంతులు అక్షరం గుండ్రంగా వ్రాస్తాడని కాబోలు. పొగమంచు ఇంకా విడలేదు. జామతోటలు తెల్లగా కప్పుకొని ఉన్నాయి. మావాళ్ళు ముప్ఫై పరుగులకు ఐదు వికెట్లు పోగొట్టుకొన్నారు. ఏడవవాడుగా ఒక తొమ్మిదవ తరగతి పిల్లవాడు వచ్చాడు. కూలి కుటుంబం. బ్యాటు పాఠశాలది, కాళ్ళకు కట్టుకొన్న ప్యాడు ఒకటే. వాడు చివరిదాకా నిలబడి జట్టును 112కు చేర్చాడు. ఆ 112తో మేము ఎనిమిది పరుగుల తేడాతో గెలిచాము.

పిల్లవాడి ఇన్నింగ్సు మధ్యలో ఒక బంతి కాలి వైపునుండి వెనక్కు పోయింది, రెండు పరుగులు తీశారు. ఆ క్షణంలో నేను ఏమి చేస్తున్నానో దాచను. స్కోరు పుస్తకం అంచున ఆ మంచు మీద ఒక చంపకమాల అల్లుతున్నాను. మూడవ పాదంలో యతి కుదరక తంటాలు పడుతున్నాను. తలెత్తి చూచేసరికి పిల్లలు పరుగెత్తుతున్నారు. బంతి కాలికి తగిలి పోయిందని నాకు తోచింది. అంపైరు ఏ సైగ చేశాడో చూడకుండానే లెగ్ బై రెండు అని వ్రాశాను. అంపైరు ఏ సైగా చేయలేదట. చేయలేదంటే పరుగులు బ్యాటువన్నమాట.

ఇన్నింగ్సు ముగిసిన తరువాత పిల్లలందరూ పుస్తకం మీద మూగారు. వాడి పేరు ఎదుట 48. "సార్, ఆ రెండు నా బ్యాటుకు తగిలినయి సార్" అన్నాడు మెల్లగా. చుట్టూ ఇరవైమంది పిల్లలు, అవతలి బడి ఉపాధ్యాయులు. "వ్రాసింది వ్రాసినట్టే" అన్నాను నేను. పీఈటీ సారును పిలిచి అడగడానికి అర నిమిషం పట్టేది. అడగలేదు. మొత్తం 112 ఎట్లాగూ మారదు కదా, ఇందులో పోయేదేమున్నదని నన్ను నేను సమాధానపరచుకొన్నాను.

పదిరోజుల తరువాత జిల్లా జట్టు ఎంపికకు పిల్లల పేర్లు పంపమన్నారు. ఆ సీజనులో ఏదైనా ఒక మ్యాచులో యాభై పరుగులు చేసినవారివి గానీ, మూడు వికెట్లు తీసినవారివి గానీ పంపాలని నియమం. జాబితా వ్రాసింది కూడా నేనే. గుండ్రని అక్షరాలతో. పై వరుసలో ఆడి, అంతకుముందు ఒక బలహీనమైన జట్టు మీద 54 కొట్టిన పిల్లవాడి పేరు అందులో ఉన్నది. వీడిది లేదు. నలభైయెనిమిదికి గడి లేదు.

వాడు వెళ్ళి ఉంటే ఎంపికయ్యేవాడని నేను అనను. మొదటి బంతికే వికెట్టు ఇచ్చి బస్సెక్కి వచ్చేసేవాడేమో. కానీ సంగారెడ్డి మైదానంలో ఒక పూట నిలబడి ఉండేవాడు. ఆ చంపకమాల పూర్తయింది. బాగానే ఉన్నదన్నారు కూడా. తరువాత నేను దాన్ని ఎక్కడా చదవలేదు.

ఆ పిల్లవాడికిప్పుడు నలభై దాటాయి. జహీరాబాదులో ట్రాక్టర్ల కర్మాగారంలో పని. పోయిన వారం సంచి నిండా జామపండ్లు తీసుకొని ఇంటికి వచ్చాడు. కూతురు ఏడవ తరగతి, బడి క్రికెట్ జట్టులో ఆడుతున్నదట. మాటల మధ్యలో నేను ఆ నలభైయెనిమిది సంగతి ఎత్తాను. ఇరవైయేడేళ్ళ తరువాత. గొంతు కొంచెం పట్టేసింది.

"యాదికున్నది సార్" అన్నాడు. "మా బిడ్డకు నేను యాభై అనే చెప్పిన. మీరు రాయకున్నా నేను కొట్టిన గదా సార్."

నేను ఏమీ అనలేకపోయాను. మా ఇంటావిడ చాయ తెచ్చి ఇచ్చింది. వెళ్ళబోతూ చెప్పుల దగ్గర ఆగి, వచ్చే ఆదివారం ఆడపిల్లల మ్యాచు ఉన్నదనీ, లెక్క వ్రాసేవారు దొరకడం లేదనీ, ఎండ ఎక్కకముందే అయిపోతుందనీ చెప్పాడు. వస్తానన్నాను. మరునాడు జహీరాబాదు పోయి కొత్త స్కోరు పుస్తకం కొన్నాను. పరుగుల పక్కన ఎదుర్కొన్న బంతులు వ్రాయడానికి గడి లేదు, స్కేలు పెట్టి నేనే గీసుకొన్నాను. వచ్చినప్పుడు ఎన్ని వికెట్లు పడి ఉన్నాయో వ్రాయడానికి ఇంకొకటి. అంపైరు చేతులు స్పష్టంగా కనిపించే చోట కుర్చీ వేయమని చెప్పి పంపాను.